48 వేలల్లో గేమింగ్ సిస్టమ్: షాపతను ఐ7 అంటున్నాడు, తీసుకోవచ్చా?

కిమిడి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బీసీఏ రెండో ఏడు. బళ్లో చదివిందంతా ఒడియాలోనే, తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుపోండి.

పోయిన నెల అమ్మ చీటీ పాడింది. అందులో 48 వేలు నా కంప్యూటర్‌కి ఇస్తానంది. చదువు కోసమని చెప్పాను. అబద్ధమేం కాదు, కోడింగ్ చేస్తాను. కానీ ఇక్కడ దాచడం ఎందుకు, వాలరెంట్, జీటీఏ ఫైవ్ ఆడాలి. ఇన్నాళ్లూ ఫ్రెండ్ రూమ్‌లో వాడు పడుకున్నాక వాడి ల్యాప్‌టాప్ మీద ఆడుకుంటున్నాను.

ఇక్కడ ఒక షాపులో అడిగితే 32 వేలకి బిగించి ఇస్తానన్నాడు. కాగితం మీద రాసిచ్చింది ఇదీ: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్‌తో (లోపల అన్నింటికీ కరెంటు ఇచ్చే డబ్బా) కలిపి ఆర్‌జీబీ క్యాబినెట్. లైట్లు ఏడు రంగుల్లో తిరుగుతున్నాయి. మా చెల్లి చూసి అదే కొనమని ఒకటే గొడవ. ఐ7 అంటే ఐ3, ఐ5 కన్నా పైదే కదా? బిల్లు వద్దంటే ఇంకాస్త తగ్గిస్తానన్నాడు. మిగిలిన 16 వేలతో గేమింగ్ కుర్చీ కొందామని నా ఆలోచన.

మామయ్య వాళ్ల ఆఫీసులో తీసేసిన 18.5 అంగుళాల మానిటర్ ఒకటి ఇచ్చాడు. దానికి వెనక నీలం రంగు వీజీఏ పిన్ను ఒక్కటే ఉంది. ఇంకో సంగతి, సాయంత్రం ఆరు దాటితే మా వీధిలో ఫ్యాన్ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరుగుతుంది. ఉన్న ఒక్క స్టెబిలైజర్ ఫ్రిజ్‌కే పెట్టారు. దీనివల్ల సిస్టమ్‌కి ఏమైనా అవుతుందా?

---

రాయగడ రాత్రిపక్షి:

ఐ7 అని రాశాడు గానీ దాని పక్కన నంబరు రాశాడా? రాసి ఉండడు. వెళ్లి అడుగు. 3770 అనో 2600 అనో చెబితే నవ్వేసి బయటికొచ్చెయ్. కార్డు నంబరు కూడా అడుగు.

---

కిమిడి కుర్రాడు:

ఇప్పుడే వెళ్లొచ్చాను. 3770 అట. మదర్‌బోర్డు హెచ్61, "కొత్తది, సీల్డ్ పీస్" అన్నాడు. కార్డు జీటీ 730. నంబర్లు అడిగేసరికి అతని మొహం కొంచెం మారింది.

---

పాత కిమిడి:

తమ్ముడూ, నేనూ కిమిడివాడినే. ఇప్పుడు ఉద్యోగం బరంపురంలో. మీ వీధి ఫ్యాను సంగతి నాకు బాగా తెలుసు, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఐ7. 3770 అనేది 2012లో వచ్చిన ప్రాసెసర్. నువ్వప్పుడు అంగన్‌వాడీలో ఉండి ఉంటావు. ఆఫీసుల్లో తీసేసిన సిస్టమ్‌ల నుంచి ఊడదీసిన ప్రాసెసర్లు మూటలుగా వస్తాయి. వాటికి సరిపడా హెచ్61 బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. బోర్డు కొత్తదే, సీలూ నిజమే, డిజైన్ మాత్రం 2011 నాటిది. 2022లో వచ్చిన ఐ3-12100 దీన్ని సులువుగా దాటేస్తుంది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలో ఉన్నవాటి మధ్య తేడా చెప్పడానికే. తరం మారితే ఆ లెక్క పనికిరాదు. పైగా విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి, ఇది మూడో తరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

జీటీ 730 2014 నాటి కార్డు. 4 జీబీ అన్నది చూసి మోసపోకు. అందులో వాడింది ఎక్కువగా నిదానమైన డీడీఆర్3 మెమరీ. గోదాం పెద్దది, తలుపు చిన్నది, సరుకు ఎంత ఉన్నా బయటికి రాదు.

ఇక అసలు సంగతి, కరెంటు. 2019 ఎండాకాలంలో నేనూ నీలాగే క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్‌తో సిస్టమ్ కట్టించుకున్నాను. దాని మీద 500 వాట్లు అని పెద్ద అక్షరాలు. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం లైటు డల్ అయింది, మళ్లీ ఒక్కసారిగా వెలిగింది, టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతే పోయింది, మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ వెంట తీసుకెళ్లింది. హార్డ్‌డిస్కులో మా అక్క పెళ్లి ఫోటోలున్నాయి. అక్క ఇప్పటికీ పండక్కొస్తే ఆ మాట ఎత్తుతుంది.

అందుకే నా మాట: నీ బడ్జెట్‌లో మొదట రాసుకోవాల్సింది ఎస్ఎంపీఎస్, యూపీఎస్. ప్రాసెసర్ ఆ తర్వాత. చాలామంది ముందు కార్డు ఎంచుకుని చివర్లో మిగిలిన చిల్లరతో ఎస్ఎంపీఎస్ కొంటారు. సిటీల్లో అది చెల్లుతుందేమో, మన దగ్గర చెల్లదు.

కొనేటప్పుడు పక్కన అంటించిన స్టిక్కర్ చదువు. ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే తీసుకో. 200–240 అని ఉంటే పక్కన పెట్టెయ్. మన సాయంత్రాలకి అది పనికిరాదు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, 550 వాట్లది చాలు. ఇప్పుడు అంత అవసరం లేదు గానీ తర్వాత కార్డు పెడతావు కదా.

యూపీఎస్ 600 వీఏది సరిపోతుంది. 600 అంటే 600 వాట్లు కాదు, సుమారు 360. నేను చెప్పబోయే సిస్టమ్ మానిటర్‌తో కలిపి దాని సగం కూడా తినదు. లైన్ ఇంటరాక్టివ్ అని ఉన్నది తీసుకో. వోల్టేజ్ తగ్గితే అదే పెంచుతుంది, విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు. మా ఇంట్లోది 145 నుంచి 290 దాకా సర్దుకుంటుంది. అంతకన్నా పడిపోతేనే బ్యాటరీ మీదకి వెళ్తుంది.

ప్రాసెసర్ విషయానికి వస్తే, రైజెన్ 5 5600జీ తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఇప్పటికి కార్డు వద్దు. ఎందుకంటే నీ మానిటర్ 1366 × 768 అయి ఉంటుంది, ఆ సైజు మానిటర్లు ఎక్కువగా అంతే. దానికి పెద్ద కార్డు పెట్టడం అంటే మన సందులోకి లారీ తోలడం. ఇప్పుడొచ్చే కార్డులకు వీజీఏ పిన్నే ఉండదు, కన్వర్టర్ కొనుక్కోవాలి. ఈ ప్రాసెసర్‌కి సరిపడే ఏ520 బోర్డుల్లో మాత్రం వీజీఏ ఉన్నవి దొరుకుతాయి, అడిగి అలాంటిదే తీసుకో. వాలరెంట్ 5600జీ మీద హాయిగా నడుస్తుంది. జీటీఏలో కొత్త ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ జోలికి వెళ్లకుండా లెగసీ అనే పాత వెర్షన్ ఆడుకో, నీ స్క్రీన్ మీద మీడియం సెట్టింగ్స్‌లో బాగానే వస్తుంది.

అక్షరాలు జాగ్రత్త. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఏఎమ్‌డీలో 5600జీ అడిగితే 5500 చూపించి "అదే సిరీస్" అనొచ్చు. 5500లో గ్రాఫిక్స్ లేదు. మా ఆఫీసులో ఒకతను ఎఫ్ ఉన్నది కొనేసి రెండు రోజులు మానిటర్ పాడైందనుకుని తిట్టుకున్నాడు.

ర్యామ్ 16 జీబీ ఒకే కడ్డీగా కొనకు, 8 జీబీవి రెండు కొను. డీడీఆర్4 3200. 5600జీ లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. కడ్డీ ఒకటైతే దారి ఒకటే, రెండైతే దారి రెండింతలు. గేమ్‌లో ఆ తేడా కంటికి తెలుస్తుంది. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయించు, లేకపోతే 3200 కొన్నా అంతకన్నా తక్కువ వేగంలో నడుస్తూ ఉండొచ్చు. ర్యామ్ ధరలు వారానికోలా మారుతున్నాయి కాబట్టి నేను అంకెలు రాయడం లేదు.

ఎస్ఎస్‌డీ 256 చాలదు. జీటీఏ ఒక్కటే దాదాపు వంద జీబీ మింగుతుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువ ఉండే రకం ఎస్ఎస్‌డీ) తీసుకో.

బిల్లు లేకుండా కొనొద్దు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని సంబరపడతావు, రేపు బోర్డు పోతే వారంటీకి చూపించడానికి కాగితం ఉండదు.

---

జైపూర్ జాయ్‌స్టిక్:

కార్డు లేని గేమింగ్ సిస్టమ్ ఏమిటండీ, ఉప్పు లేని పప్పులాగా. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 8 జీబీ తక్కువకే వస్తోంది. నేను రెండేళ్లుగా వాడుతున్నాను, ఇంతవరకూ ఏ తేడా రాలేదు.

---

పాత కిమిడి:

మీకు కలిసొచ్చింది, సంతోషం. కానీ అది 2017 నాటి కార్డు, ఒక్కటే 185 వాట్ల దాకా లాగుతుంది. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ (కార్డులు నడిపి క్రిప్టో డబ్బు సంపాదించడం) ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా అమ్మకానికి వచ్చాయి. ఏది ఎంత నడిచిందో పైకి తెలియదు, వారంటీ ఉండదు. చీటీ డబ్బుతో ఆ జూదం కుర్రాడి చేత ఆడించను. ఏడాది పోయాక మానిటర్ మార్చినప్పుడు ఆర్‌ఎక్స్ 6600 లాంటిది కొత్తది కొనుక్కుంటాడు. అప్పుడు 5600జీ కొంచెం వెనకబడుతుంది, దాని పీసీఐఈ, అంటే కార్డుతో మాట్లాడే దారి, మూడో తరందే. అయినా ఆ ఇబ్బంది భరించవచ్చు.

---

కిమిడి కుర్రాడు:

అన్నా, చదివాక బుర్ర తిరిగింది, తర్వాత కుదుటపడింది. కుర్చీ ఆలోచన మానుకున్నాను. రెండు సందేహాలు. ఒకటి, ఫ్రెండ్ డెస్క్‌టాప్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది, నాదీ అలాగే అవుతుందా? మా ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్లే ఉన్నాయి. రెండు, శనివారం నాన్నతో వైజాగ్ వెళ్లి ద్వారకానగర్ వైపు కొందామనుకుంటున్నాం. తిరుగు ప్రయాణం గుణుపూర్ పాసింజర్‌లో. బిగించి తేవాలా, విడిగానా?

---

పాత కిమిడి:

మూడు రంధ్రాలుంటే ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై రంధ్రం వెనక చాలాసార్లు వైరే ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు లైనుకీ, న్యూట్రల్‌కీ, క్యాబినెట్‌కీ మధ్య కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద సగం వోల్టేజ్ నిలబడి, నువ్వు ముట్టుకున్నప్పుడు నీ గుండా పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతించి వైరు లాగించు. ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తాననే వాడిని గుమ్మంలోంచే పంపించెయ్. కుళాయి పైపుకి చుట్టేవాళ్లు కూడా ఉన్నారు, అదీ వద్దు.

సిస్టమ్ షాపులోనే బిగించి ఆన్ చేయించు. డిస్‌ప్లే రావాలి, బయోస్‌లో రెండు కడ్డీలూ కనబడాలి. విండోస్ 11 వేస్తే సెక్యూర్ బూట్, టీపీఎం అనే భద్రతా సెట్టింగ్స్ ఆన్ చేయించు, లేకపోతే దాని మీద వాలరెంట్ తెరుచుకోదు. రైల్లో క్యాబినెట్‌ని పడుకోబెట్టి, బోర్డు కింద వైపు ఉండేలా పెట్టు. ఖాళీ పెట్టెలు పారేయకు, వారంటీకి పంపేటప్పుడు అవే పనికొస్తాయి. సీట్ల కింద తోశావంటే నౌపడలో ఎక్కేవాళ్ల బస్తాలు దాని మీదే పడతాయి. ఒళ్లో పెట్టుకో.

---

కిమిడి కుర్రాడు:

తెచ్చేశాం. నాన్న ఒళ్లో కొంతసేపు, నా ఒళ్లో కొంతసేపు. షాపులో నిజంగానే ముందు 5500 తీశారు అన్నా, నేను అక్షరం చూపించాక లోపలికెళ్లి 5600జీ తెచ్చారు. యూపీఎస్‌తో సహా 48 వేల లోపే అయింది. ఎర్త్ పని నిన్న పూర్తయింది.

ఒక్కటే అనుమానం. సాయంత్రం ఏడింటికి ఆడుతుంటే యూపీఎస్ రెండు మూడు సార్లు టక్ టక్‌మంది. సిస్టమ్ ఆగలేదు, బీప్ రాలేదు. పాడైందా?

---

పాత కిమిడి:

లేదు, అది లోపలి రిలే, అంటే దానంతటదే మారే స్విచ్చు. వోల్టేజ్ పడినప్పుడు పెంచడానికి ఒకసారి, తిరిగొచ్చినప్పుడు మామూలుకి రావడానికి ఇంకోసారి కొట్టుకుంటుంది. నిమిషానికి పదిసార్లు కొట్టుకుంటుంటే చెప్పు, అప్పుడు సాకెట్‌లో వైరు వదులుగా ఉందేమో చూద్దాం.