పిల్లలున్న ఇంట్లో దోమల కాయిల్ ఉండాలా, వద్దా?

కాప్రా అమ్మ:
మూడు నెలలుగా మా ఇంట్లో తెగని గొడవ ఇది, మీ ముందు పెడుతున్నాను. మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, రెండో అంతస్తు. బాబుకి నాలుగేళ్లు. చలి మొదలైతే చాలు పిల్లికూతలు, నెబ్యులైజర్ ఇంట్లోనే పెట్టుకున్నాం. సాయంత్రం అయిదున్నర కాగానే అత్తయ్య కిటికీలన్నీ మూసేసి హాల్లో ఒక కాయిల్, పడగ్గదిలో ఒకటి వెలిగిస్తారు. పక్క బ్లాకులో ఇద్దరు పిల్లలు డెంగీతో ఆస్పత్రిలో ఉన్నారు, ఆవిడ భయం ఆవిడది. మా వారిదీ అదే మాట.

నేననేది ఒక్కటే. ఇంట్లో కెమికల్స్ తగ్గించాలనుకుంటే షాంపూ మార్చడం, ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి స్టీలువి కొనడం తర్వాత చూసుకోవచ్చు. మూసిన గదిలో పొగ వచ్చేవీ, ఆవిరి వచ్చేవీ ముందు పోవాలి. పిల్లాడు అన్నం రోజుకి మూడుసార్లు తింటాడు, గాలి నిమిషానికి పాతికసార్లు పీలుస్తాడు. చైనా, మలేషియా కాయిల్స్ మీద చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని తేలింది. మావయ్యగారు సిగరెట్ ముట్టిస్తే గేటు బయటికి పంపిన ఇల్లు మాది!

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన నెల పనికి వచ్చే అక్క బాత్రూమ్‌లో టాయిలెట్ క్లీనర్ పోసి, మరకలు పోలేదని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లింది. నేను వంటింట్లో ఉన్నాను. దగ్గు వినిపించి వెళ్తే, ఆమె గుమ్మం పట్టుకుని వంగిపోయి ఉంది, కళ్లలోంచి ధారగా నీళ్లు. నాకూ గొంతు పట్టేసింది. ఇద్దరం బాల్కనీలోకి పరిగెత్తాం. బాబు స్కూల్లో ఉండబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచీ ఇంట్లో సీసాలన్నీ ఒక్కొక్కటే తీసి చదువుతున్నాను.

రామంతాపూర్ నాన్న:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ నా వైపు నుంచి కూడా వినండి. రెండేళ్ల కిందట సెప్టెంబర్లో మా పాపకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 28 వేలకి పడిపోయాయి. రాత్రి రెండింటికి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రిపోర్టు కోసం ఫోను చూసుకుంటున్నవాడికి సిగరెట్ల లెక్క చెబితే ఎక్కుతుందా? కాయిల్ పొగ పదేళ్లకి చేసే చెరుపు దోమ వారంలో చేస్తుంది. మీ అత్తయ్యగారిని తప్పుపట్టకండి.

కెమిస్ట్రీ టీచర్, దిల్‌సుఖ్‌నగర్:
రామంతాపూర్ నాన్నగారూ, పాప బాగున్నందుకు సంతోషం. అయితే డెంగీ దోమ ఏడిస్ పగలు కుడుతుంది. తెల్లవారిన తర్వాత రెండు గంటలు, పొద్దుగూకే ముందు రెండు గంటలు దాని జోరు ఎక్కువ. రాత్రంతా గదిలో కాలే కాయిల్ అప్పటికే కుట్టిపోయిన దోమకి కాపలా. రాత్రి కుట్టేది మలేరియా దోమ అనాఫిలిస్. మలేరియా క్రిమి దోమ పొట్టలో ఉంటుందని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఏ దోమ ఏ వేళ కుడుతుందో ఈ ఊళ్లోనే మర్చిపోతే ఎలా?

బాత్రూమ్ సంగతి అందరూ గుర్తు పెట్టుకోండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగ్‌ని తాకగానే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి కంటే బరువైంది కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. కూర్చుని రుద్దే మనిషి ముక్కుకీ, పాకే పిల్లల ముక్కుకీ ముందు తగిలేది అదే. వాసన రాగానే నీళ్లు పోద్దాం, తుడుద్దాం అని అక్కడే నిలబడకండి. తలుపు తీసి బయటికి వచ్చేయాలి. అసలు ఆ రెండు సీసాలూ ఒకే అరలో ఉండకూడదు. పనివాళ్లకి నోటితో చెబితే చాలదు. సీసాల మీద రాసింది ఇంగ్లీషులో ఉంటుంది, వాళ్లు చదవలేరు. దేన్ని దేంతో కలపకూడదో ఒకసారి దగ్గరుండి చూపించాలి.

పోచారం తల్లి:
మేం అన్నీ మానేశాం. వెనిగర్, వంటసోడా కలిపి క్లీనర్ చేసుకుంటున్నాం. దోమలకి కర్పూరం, వేపనూనె. అన్నీ నేచురల్. మన అమ్మమ్మలు ఇలాగే బతికారు కదా?

కెమిస్ట్రీ టీచర్, దిల్‌సుఖ్‌నగర్:
పోచారం తల్లిగారూ, వెనిగర్‌లో సోడా వేస్తే నురగ వస్తుంది కాబట్టి పని చేస్తోందనిపిస్తుంది. నురగ ఆగాక మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే, ఆమ్లం సోడాని తినేసింది, సోడా ఆమ్లాన్ని తినేసింది. విడివిడిగా వాడండి, రెండూ పనికొస్తాయి. వెనిగర్‌ని మాత్రం బ్లీచ్‌తో కలపొద్దు, అదీ క్లోరిన్నే ఇస్తుంది.

కర్పూరం విషయంలో నాకు నిజంగా భయం. పూజగదిలో పిల్లలకి అందేలా పెడతారు, చూడ్డానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది. కాస్త మింగినా చిన్నపిల్లలకి మూర్ఛ రావచ్చు. పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అనేది ఊపిరితిత్తులు అడగవు. కుంకుడుకాయ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బర్కత్‌పురా బామ్మ:
అమ్మమ్మలు ఇలాగే బతికారన్నారు కదా, ఆ అమ్మమ్మల్లో ఒకదాన్ని నేను. మేం బతికింది కర్పూరంతో కాదమ్మా, దోమతెరతో. పందిరి మంచానికి నాలుగు వైపులా తెర దించి, అంచులు పరుపు కింద దోపి, లోపల ఒక్క దోమ ఉన్నా చప్పట్లు కొట్టి చంపాకే పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లం. ఇప్పుడు గొడుగులా తెరుచుకునే తెరలు వచ్చాయి, పగలు నిద్రపోయే పసిపిల్లలకి కూడా వేయొచ్చు. కాప్రా అమ్మాయీ, మీ అత్తగారితో పొగ మానండి అని చెప్పకు. తెర కొనిచ్చి, ‘మీ మనవణ్ణి ఇందులో మీరే పడుకోబెట్టండి’ అను.

సాంబ్రాణి జోలికి మాత్రం రావద్దు. తలంటు పోసి, తడి జుట్టుకి సాంబ్రాణి పట్టిన పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుంటే... అది నేను వదలను.

పటాన్‌చెరు వాసి:
అందరు మంచి ముచ్చట్లే చెప్తున్నరు. గని మా దిక్కు రాత్రి పదకొండు దాటినంక కిటికీ తెరిస్తే ఒకనాడు కుళ్లిన గుడ్డు వాసన, ఒకనాడు స్పిరిట్ వాసన. గాలి ఆడాలె అంటరు, మేం తెరిస్తే లోపలికొచ్చేది గదే. 2007ల స్వీడన్ సైంటిస్టులు మందుల ఫ్యాక్టరీల మురికినీళ్లు శుద్ధి చేసే మా ఊరి ప్లాంటు నుంచి వదిలే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని లెక్కగట్టి చెప్పిండ్రు. గది ఏ అత్త పెట్టిన కాయిల్ కాదు, ఏ కోడలు కొన్న ఫినాయిల్ కాదు. ఇంట్ల ఆడోళ్ల మీద బరువంత మోపి బయటోళ్లను ఇడిసిపెడితే ఎట్ల?

కాప్రా అమ్మ:
పటాన్‌చెరు అన్నా, మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. దాని మీద సంతకం పెట్టమంటే పెడతాను, ధర్నాకి రమ్మంటే వస్తాను. కానీ ఆ వాసన ఆగేదాకా నా బిడ్డ గదిలో నేనే పొగ పెట్టనా? నా చేతిలో ఉన్నది అదొక్కటే.

సికింద్రాబాద్ పాత ఇల్లు:
దసరాకి రంగులు వేయించేవాళ్లకి ఒక మాట. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకి, కిటికీ ఊచలకి వేసిన ఎనామిల్ పెయింట్‌ని పొడి ఎమరీ పేపర్‌తో గీకించకండి. తడిపి గీకించండి, ఆ రెండు రోజులూ పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచండి. చర్చ కాయిల్ మీద అని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కాప్రా అమ్మ:
ఆదివారం జరిగింది చెబుతాను. 2020లో మన తెలంగాణ మున్సిపల్ శాఖ ‘ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలు’ అని ఇంట్లో నిల్వ నీళ్లు పారబోయమని ప్రచారం చేసింది, గుర్తుందా? అత్తయ్యని, బాబుని వెంటబెట్టుకుని అదే చేశాను. మనీప్లాంట్ సీసాలో ఏమీ లేదు. ఫ్రిజ్ వెనక ట్రేలో ఏమీ లేదు. బాల్కనీలో ఎండాకాలం నుంచి మూలకి నెట్టిన కూలర్ అడుగు తొట్టిలో నాలుగు వేళ్ల లోతు వాననీళ్లు. టార్చి వేసి చూస్తే పైకీ కిందకీ మెలికలు తిరుగుతూ వందల లార్వాలు. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఇన్నాళ్లూ మనమే పెంచామా వీటిని’ అన్నారు.

ఆవిడే పీచుతో తొట్టి అంచులు రుద్దారు. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకి అంటుకుని నెలల తరబడి బతుకుతాయని టీవీలో విన్నారట. కిటికీలకి వెల్క్రో జాలీ కొలతలు ఇచ్చాం, శుక్రవారం బిగిస్తారు. బామ్మగారు చెప్పినట్టే తెర తెచ్చి అత్తయ్య చేతికే ఇచ్చాను.

రామంతాపూర్ నాన్న:
మా కూలర్ డాబా మీద ఉంది. ఇప్పుడే పైకి వెళ్తున్నాను. ప్లగ్‌లో పెట్టే దోమల లిక్విడ్ మెషిన్ మాత్రం నేను తీయను, జాలీ బిగించేదాకా అయినా.

కాప్రా అమ్మ:
నేనూ వద్దనను. అది పెట్టినప్పుడు తలుపు ఓరగా తీసి ఉంచండి, పాప తలవైపు ప్లగ్‌లో పెట్టకండి. మా హాల్లో కాయిల్ ఆగింది. పడగ్గదిలోది జాలీ వచ్చాక మానేస్తానని అత్తయ్య మాటిచ్చారు. సాంబ్రాణి సంగతి ఇంకా తేలలేదు.