టెస్ట్ పైపులు వేసిన 370జెడ్‌ కాలిఫోర్నియా స్మాగ్ చెక్ పాసవ్వాలంటే ఏం చేయాలి?

జీతమంతాపెట్రోలుకే:
అన్నలూ, కొంచెం టెన్షన్‌లో ఉన్నా. ఉండేది ఫ్రీమాంట్‌లో. బండి 2017 నిస్సాన్ 370జెడ్, 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లాక్‌డౌన్‌లో ఖాళీగా కూర్చోలేక పొగని శుభ్రం చేసే రెండు క్యాటలిటిక్ కన్వర్టర్లూ (క్యాట్లు) పీకేసి వాటి చోట టెస్ట్ పైపులు (లోపల ఏమీ లేని ఉత్త గొట్టాలు) బిగించాను, క్యాట్ల వెనక ఉన్న కంపెనీ పైపులు, సైలెన్సర్ తీసేసి క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్ పెట్టాను, చెక్ ఇంజిన్ లైట్ వెలగకుండా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి ట్యూన్ కూడా చేయించాను. సౌండ్ అదిరిపోతుంది కానీ సిగ్నల్ దగ్గర ఆగితే కారులోకి పచ్చి పెట్రోలు వాసన, ఇంటికొస్తే చొక్కా విప్పి వరండాలోనే వదలమంటుంది మా ఆవిడ.

ఇన్నాళ్ళూ బండి కొత్తదని స్మాగ్ చెక్ (పొగ కాలుష్య పరీక్ష) అడగలేదు, ఫీజు కట్టి ఊరుకున్నా. మొన్న వచ్చిన డీఎంవీ (ఇక్కడి ఆర్టీవో) రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితంలో స్మాగ్ సర్టిఫికెట్ కావాలని ఉంది. లైట్ ఎలాగూ వెలగదు కదా, ఇలాగే తీసుకెళ్తే పాసవుతుందా? లేక ముందురోజు రాత్రి స్కానర్‌తో కంప్యూటర్‌లోని తప్పుల కోడ్స్ చెరిపేసి వెళ్ళాలా? క్యాట్‌బ్యాక్ కూడా తీసేయాలా?

ఫ్రిస్కోబావ:
ఇంత హైరానా ఎందుకు బ్రో. వెనక ఆక్సిజన్ సెన్సర్లకి స్పేసర్లు పెట్టేయ్, సెన్సర్ పొగకి కాస్త దూరంగా జరిగి క్యాట్ ఉందనే అనుకుంటుంది. మా టెక్సస్‌లో పోర్ట్‌కి కేబుల్ గుచ్చి చూస్తారు, అయిపోయింది. నా ఫ్రెండ్ రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు.

శానోజే_రెంచి:
ఫ్రిస్కోబావగారూ, మీ ఊరి మందు మా ఊరి రోగానికి పనిచేయదు (అక్కడ కూడా అది చట్టప్రకారం తప్పే, ఎవరూ వంగి చూడట్లేదు అంతే). ఇక్కడ వంగి చూస్తారు. టార్చి, చిన్న అద్దం పట్టుకుని బండి కిందకి దూరతాడు టెక్నీషియన్. క్యాట్ ఉండాల్సిన చోట నున్నటి గొట్టం కనబడగానే ఫెయిల్, ఆ తర్వాత కంప్యూటర్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

తమ్ముడూ, నువ్వు ఇంకా పాత పద్ధతి మనసులో పెట్టుకున్నట్టున్నావు. 2000 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి ఇక్కడ సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలవరు. కంప్యూటర్‌ని అడుగుతారు, కళ్ళతో చూస్తారు. నీకు కంప్యూటర్ దగ్గరే రెండు చిక్కులున్నాయి. మొదటిది ట్యూన్. 2021 జూలై నుంచి ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా అని కూడా సరిచూస్తున్నారు, మార్చింది దొరికితే దానికే ఫెయిల్. లైట్ వెలగకుండా చేయించావు చూడు, అదే నిన్ను పట్టిస్తుంది. స్టాక్ ఫైల్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) మళ్ళీ ఎక్కించాల్సిందే.

రెండోది, ముందురోజు రాత్రి కోడ్స్ చెరపడం. అది అస్సలు చేయకు. చెరిపితే రెడీనెస్ మానిటర్లు (బండి తన భాగాల్ని తానే పరీక్షించుకుందా అని చూపేవి) అన్నీ సున్నాకొస్తాయి. మన బండ్లకి ఎవాప్ (పెట్రోలు ఆవిరి లీకుల పరీక్ష) ఒక్కటి పూర్తి కాకపోయినా ఒప్పుకుంటారు, మిగతావన్నీ పూర్తయి ఉండాలి. పైగా 2010, ఆ తర్వాతి మోడల్ బండ్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటుంటుంది, అది స్కానర్‌తో పోదు, తప్పు నిజంగా బాగైందని బండి తనకు తాను తేల్చుకుంటేనే పోతుంది. లేదంటే కోడ్స్ చెరిపాక కనీసం 200 మైళ్ళు తిరిగి, ఇంజిన్ చల్లారి మళ్ళీ వేడెక్కడం 15 సార్లైనా జరిగితే దాన్ని పట్టించుకోరు.

క్యాట్‌బ్యాక్ ఉంచుకో. క్యాట్ వెనక మారిస్తే స్మాగ్‌కి ఇబ్బంది లేదు, శబ్దం 95 డెసిబెల్స్ దాటకుండా చూసుకో చాలు, అది పోలీసులతో వేరే తలనొప్పి. క్యాట్లు, హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపులు) లాంటివి మారిస్తే మాత్రం కార్బ్ (రాష్ట్ర గాలి కాలుష్య బోర్డు) ఇచ్చిన ఈఓ నంబర్ (అనుమతి నంబర్) ఉండాలి, అది కూడా నీ మోడల్‌కి, నీ సంవత్సరానికి వర్తించేది. బాక్సు మీద "హై ఫ్లో" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ నంబర్ లేకపోతే దండగ. పాత క్యాట్లు దాచుకున్నావా లేదా, అది చెప్పు ముందు.

జీతమంతాపెట్రోలుకే:
దాచాను అన్నా, అట్టపెట్టెలో. ఇప్పుడే స్టోరేజ్‌కి వెళ్ళి విప్పితే అందులో ఒక్కటే ఉంది 😭 రెండోది ఏమైందో అర్థం కావట్లేదు. ఆన్‌లైన్‌లో ఎవరో తన పాతది అమ్ముతున్నాడు, తీసుకోనా?

శానోజే_రెంచి:
వద్దు. వేరే బండి నుంచి ఊడదీసిన పాత క్యాట్ ఇక్కడ అమ్మకూడదు, బిగించకూడదు. నీ బండిది నీకే తిరిగి పెట్టుకుంటే ఫరవాలేదు. దొరక్కపోతే కొత్తది కొనాలి, ఒక్కదానికే నాలుగంకెల బిల్లు. చవగ్గా కనబడేవి చాలావరకు మిగతా రాష్ట్రాల కోసం చేసినవి, వాటి జోలికి పోకు. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయిరా బాబూ, బంగారం పోగొట్టుకున్నట్టు పోగొట్టావు.

గ్రీజుచేతులు:
దొరికితే ఒక మాట. ఆ బోల్టులు ఇన్నేళ్ళ వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలెయ్, పొద్దున మళ్ళీ ఒకసారి కొట్టు. నేను ఆత్రం కొద్దీ పెద్ద పైపు తగిలించి లాగితే స్టడ్ పుటుక్కున తెగింది, దాన్ని డ్రిల్ చేసి తీయడానికి ఆదివారం మొత్తం పోయింది. గ్యాస్కెట్లు కొత్తవి వెయ్, పాతవి వాడితే పొగ లీకై వెనక సెన్సర్ తప్పు చెప్తుంది, మళ్ళీ పీ0420, పీ0430 (క్యాట్ సరిగా పనిచేయట్లేదనే కోడ్స్) అంటూ మొదటికొస్తావు.

జీతమంతాపెట్రోలుకే:
అప్‌డేట్. క్యాట్ దొరికింది! పాత రూమ్మేట్ సియాటిల్ మారినప్పుడు వాడి సామాన్లో కలిసి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళుగా వాడి గ్యారేజీ తలుపు కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెట్టాడంట, ఫోటో పంపాడు. కొరియర్ ఖర్చు నాదే, బిర్యానీ కూడా నాదేనంట.

రెండూ బిగించా, స్టాక్ ఫైల్ ఎక్కించా. గ్రీజుచేతులన్న చెప్పినట్టు ఆయిల్ రెండుసార్లు కొట్టినా ఒక సెన్సర్ మొండికేసింది, ఇంజిన్ కొంచెం వేడి చేశాక కదిలింది. రోజూ పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి 680 మీద సునోల్ దాకా ఒకే స్పీడులో వెళ్ళొస్తున్నా, ట్యాంకు సగానికి అటూ ఇటూ ఉంచుతున్నా. 230 మైళ్ళయ్యాయి. స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ నిన్నటిదాకా పూర్తి కాలేదనే చూపించింది, ఇవాళ పొద్దున పూర్తయింది, ఎవాప్ ఒక్కటే మిగిలింది. శనివారం పదింటికి స్లాట్ బుక్ చేశా. చొక్కా మాత్రం ఇప్పుడు ఇంట్లోకి రానిస్తున్నారు.

శానోజే_రెంచి:
శనివారం దాకా బ్యాటరీ వైరు పీకకు, మానిటర్లు మళ్ళీ సున్నాకొస్తాయి.