పసుపు జెండా ఉన్న స్ట్రైకర్‌ని దించాలా, బెంచ్ మీద ఉంచాలా?

క్లాక్‌టవర్ నల్గొండ:
ఫాంటసీ ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్లతో మనమే టీమ్ కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆన్‌లైన్ గేమ్) ఆడేవాళ్లు కాస్త చెప్పండి. శనివారం సాయంత్రం నాలుగున్నరకు డెడ్‌లైన్. మా దోస్తుల మినీలీగ్‌లో నాది మూడో స్థానం. నా స్ట్రైకర్‌కి మోకాలి నొప్పని పసుపు జెండా పడింది, ఆడే అవకాశం 75 శాతమని చూపిస్తోంది. పైగా ఆర్సెనల్ మీద, వాళ్ల గ్రౌండ్‌లో. బెంచ్‌లో ఒక డిఫెండర్ ఉన్నాడు, అతనికి బలహీనమైన టీమ్‌తో సొంత గ్రౌండ్‌లో మ్యాచ్. నా మనసు మాత్రం స్ట్రైకర్ వైపే లాగుతోంది. పక్కన పెట్టాక గోల్ కొడితే వారమంతా నిద్ర పట్టదు.

మహబూబ్‌నగర్ రెడ్స్:
దించు తమ్మీ. 2021 అక్టోబర్ 24 నాకు ఇంకా గుర్తుంది. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో కష్టమనుకుని సలాకు కెప్టెన్సీ తీసేశా, అంటే డబుల్ పాయింట్లు వదులుకున్నా. లివర్‌పూల్ 5-0తో గెలిచింది, సలా హ్యాట్రిక్ కొట్టాడు. 2022 అక్టోబర్ 2న అదే యునైటెడ్ మీద మాంచెస్టర్ సిటీ 6-3తో గెలిస్తే హాలాండ్‌వి మూడు గోల్స్, రెండు అసిస్టులు. ఎదుటి టీమ్ పేరు చూసి భయపడితే పాయింట్లు ఎట్లా వస్తాయి?

మిర్యాలగూడ మిల్లు:
అన్నా, ఆ రెండు మ్యాచ్‌లలో ఆ ఇద్దరూ మొదటి నిమిషం నుంచి ఆడారు. ఇక్కడ భయం ఆర్సెనల్ గురించి కాదు, మోకాలి గురించి.

ఒక డిసెంబర్‌లో నాకు ఇదే జరిగింది. ధాన్యం లారీ కాంటా మీద ఉంది, డెడ్‌లైన్‌కి పది నిమిషాలే ఉంది. చేతులకు తవుడు దుమ్ము, ఫోన్ మీద వేలు పెడితే పట్టదు. చొక్కాకు తుడుచుకుని, జెండా ఉన్న ఫార్వర్డ్‌నే ఉంచేశా. అతను 84వ నిమిషంలో దిగాడు. ఒక్క పాయింట్. బెంచ్ మీద డిఫెండర్‌కి ఆడినందుకు 2, గోల్‌కి 6, క్లీన్ షీట్‌కి (టీమ్‌కి ఒక్క గోల్ కూడా పడనందుకు) 4, మొత్తం 12. అవి నాకు రాలేదు. మనం దించినవాడు అసలు గ్రౌండ్‌లోకే రాకపోతేనే బెంచ్‌వాడు అతని స్థానంలోకి వస్తాడు. ఒక్క నిమిషం ఆడినా ఇక బెంచ్‌వాడికి దారి లేదు.

75 శాతమంటే ఆడొచ్చని మాత్రమే. ఎన్ని నిమిషాలో అది చెప్పదు. తుది జట్టేమో డెడ్‌లైన్ దాటాకే వస్తుంది. పూర్తిగా దూరమైనవాడి కంటే సగం ఫిట్‌గా ఉన్నవాడితోనే మనకు ఎక్కువ నష్టం.

దేవరకొండ డిఫెన్స్:
మిల్లు అన్న మాట నిజం. నాదింకో మాట. ఫార్వర్డ్‌కి ఎదుటి టీమ్ ఎవరన్నది నేను అంతగా పట్టించుకోను. డిఫెండర్‌కి మాత్రం తప్పకుండా చూస్తా. ఒక్క గోల్ పడితే ఆ 4 పాయింట్లూ పోతాయి, రెండు పడితే ఇంకొకటి కోత. అయితే 2025-26 నుంచి డిఫెండర్ క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, టాకిల్స్ కలిపి పది చేస్తే 2 పాయింట్లు ఇస్తున్నారు. మ్యాచ్ అంతా దాడి తట్టుకునే టీమ్ సెంటర్ బ్యాక్‌కి (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడికి) ఇది బాగా కలిసొస్తుంది. తమ్మీ, నీ బెంచ్‌లో ఉన్నది సెంటర్ బ్యాకేనా?

క్లాక్‌టవర్ నల్గొండ:
అవునన్నా, సెంటర్ బ్యాకే. ముందు వరుసలో ఇంకో ఇద్దరు ఫిట్‌గా ఉన్నారు, కాబట్టి ఫార్మేషన్‌కి ఇబ్బంది లేదు.

మహబూబ్‌నగర్ రెడ్స్:
నిమిషాల సంగతి ఒప్పుకుంటా. కానీ శుక్రవారం ప్రెస్‌మీట్‌లో మేనేజర్ "వారమంతా ప్రాక్టీస్ చేశాడు" అంటే నేనైతే కళ్లు మూసుకుని దించుతా. మూడో స్థానం నుంచి పైకి పోవాలంటే గోల్స్ కావాలి, క్లీన్ షీట్లు చాలవు.

మిర్యాలగూడ మిల్లు:
వారమంతా అంటే దించు. "నిన్న ఒక్కరోజు చేశాడు" అంటే మాత్రం వద్దు. ఎటైనా కెప్టెన్సీ అతనికి ఇవ్వకు. ఒక్క నిమిషం ఆడినా వైస్ కెప్టెన్‌కి డబుల్ రాదు.

క్లాక్‌టవర్ నల్గొండ:
ప్రెస్‌మీట్ ఇప్పుడే చూశా. గురువారం ఒక్కరోజే ప్రాక్టీస్ చేశాడట. డిఫెండర్‌ని దించేశా, స్ట్రైకర్‌ని బెంచ్‌లో మొదటి సబ్‌గా పెట్టా. టెన్షన్ మాత్రం తగ్గలేదు.