బెంగళూరు చలికి ఇంజిన్ బ్లాక్ హీటర్ పెట్టిస్తే తప్పేంటి?

కాడుగోడి కుర్రాడు:
మాది 2012 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ అవదు. సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. అంటుకున్నాక కూడా తెల్లటి పొగ వదులుతూ కాసేపు వణుకుతుంది. అదే మధ్యాహ్నమైతే తాళం తిప్పగానే లేస్తుంది. మా బావ మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ కార్లకి బ్లాక్ హీటర్ ఉంటుందట, రాత్రి ప్లగ్‌లో పెడితే తెల్లారేసరికి ఇంజిన్ వెచ్చగా ఉంటుందట. సంక్రాంతికి వస్తూ ఒకటి తెస్తానంటున్నాడు. మా మెకానిక్‌కి చెప్తే నవ్వేశాడు. మీరేమంటారు?

జేసీరోడ్ బాబాయ్:
నవ్వితే నవ్వాడు గానీ, బండి చూడకుండా పంపించాడు చూడు, అదీ తప్పు.

ముందు ఆ హీటర్ సంగతి. 1940ల్లో నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన తయారుచేశాడు, 1949లో పేటెంట్ వచ్చింది. మీ బావ ఉండే రాష్ట్రానికి పక్కదే. సాధారణంగా ఇంజిన్ బ్లాక్‌కి ఉండే కోర్ ప్లగ్, అంటే రంధ్రం మూసే లోహపు బిళ్ల, ఒకటి పీకి, ఆ రంధ్రంలో దీన్ని బిగిస్తారు. బకెట్‌లో నీళ్లు కాచే రాడ్ లాంటిదే, ఇక్కడ కాగేది కూలెంట్, అదే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. మైనస్ 25, మైనస్ 30లో ఆయిల్ చిక్కబడిపోతుంది, బ్యాటరీ సగం శక్తి కూడా ఇవ్వదు. అలాంటి చోట అది లేకపోతే కష్టమే.

మరి బెంగళూరో? ఇక్కడ రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. మామూలు డిసెంబర్ తెల్లవారుజామున 15 అటూ ఇటూ. నీ బండిలో 15డబ్ల్యూ-40 ఆయిల్ ఉందనుకో, దాన్ని మైనస్ 20 దగ్గర పరీక్షించి ఆ గ్రేడ్ ఇస్తారు. మన చలికి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

తెల్ల పొగ, వణుకు అన్నావు కాబట్టి నా అనుమానం గ్లో ప్లగ్‌ల మీదే, అంటే స్టార్ట్ చేసేటప్పుడు డీజిల్ సిలిండర్‌ని లోపల వేడిచేసే చిన్న కరెంటు కడ్డీలు. ఒకటో రెండో పోయి ఉంటే ఆ సిలిండర్లలో డీజిల్ సరిగ్గా మండదు, మండనిదే తెల్ల పొగగా బయటికొస్తుంది. కాసేపటికి వేడెక్కి అన్నీ దారికొస్తాయి. నువ్వు చెప్పింది అచ్చం అలాగే ఉంది.

విన్నిపెగ్ రిటర్న్:
బాబాయ్ గారూ, మీరు హీటర్‌ని మరీ స్టార్ట్ చేసే మందులాగే చూస్తున్నారు. నేను కెనడాలో ఉండి వచ్చాను, ఇప్పుడు సర్జాపూర్ రోడ్. అక్కడ పార్కింగ్‌లోనే ప్లగ్ పాయింట్లు ఉంటాయి, కారు ముందు గ్రిల్‌లోంచి వైరు వేలాడుతూ ఉంటుంది. స్టార్ట్ కావడం ఒక్కటే కాదు దాని లాభం. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు పెట్రోలైనా డీజిలైనా ఎక్కువ తాగుతుంది, అరుగుదల ఎక్కువ, పొగ ఎక్కువ. మనవాళ్లు పొద్దున చేసేదేంటి? పిల్లల్ని స్కూల్లో దింపి రావడం, రెండు మూడు కిలోమీటర్లు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. అలాంటి బండికి 15 డిగ్రీల్లో అయినా హీటర్ మేలే చేస్తుంది. అవసరమా అంటే కాదు. పనికిరాదనడం మాత్రం ఒప్పుకోను.

హెచ్ఎస్ఆర్ సెక్టార్ 2:
ప్లగ్ పాయింట్ ఎక్కడుంది అన్నా? మా అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కార్ చార్జింగ్ పాయింట్ అడిగితేనే మీటింగ్ మీద మీటింగ్. పదమూడేళ్ల డీజిల్ బండికి హీటర్ అంటే అసోసియేషన్ సెక్రటరీ నన్నే బేస్‌మెంట్‌లో కట్టేస్తాడు.

జేసీరోడ్ బాబాయ్:
విన్నిపెగ్ గారి మాటలో నిజం లేకపోలేదు. చిన్న చిన్న ట్రిప్పులతో ఇంజిన్ పాడవుతుంది, ఆయిల్‌లో తేమ చేరుతుంది. కానీ లెక్క వేయండి. 750 వాట్ల హీటర్ మూడు గంటలు పెడితే రెండుంపావు యూనిట్లు. రెండు కిలోమీటర్ల స్కూల్ ట్రిప్‌కి రోజూ అంత కరెంటా? పిల్లల్ని నడిపించండి, వాళ్లకీ మంచిది.

అసలు ప్రమాదం ఇంకోటుంది, ఎవరూ దాని మాటెత్తలేదు. అమెరికా హీటర్ 120 వోల్టులది. మన ఇంట్లో వచ్చేది 230. నేరుగా పెడితే 400 వాట్ల హీటర్ 1,450 వాట్ల పైన లాగుతుంది. కాయిల్ మాడుతుంది, ఇంకా ఖర్మ కాలితే వైరు అంటుకుంటుంది. అదీ డీజిల్ బండి కింద, రాత్రి అందరూ నిద్రపోతుండగా! 230 వోల్టులవి యూరప్‌లో దొరుకుతాయి. కానీ కోర్ ప్లగ్ సైజు కుదరాలి, కూలెంట్ మొత్తం దించాలి, బిగించాక లీక్ లేకుండా చూడాలి. అలవాటు లేనివాడి చేతిలో పెడితే బ్లాక్ పాడవుతుంది.

విన్నిపెగ్ రిటర్న్:
వోల్టేజ్ సంగతి ఒప్పుకుంటున్నా, అమెరికాది తేవద్దు. అయితే ఒకటి అడుగుతా. హీటర్ వృథా అనేవాళ్లే పొద్దున్నే బేస్‌మెంట్‌లో బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేస్తారు. దానికేమంటారు?

హెచ్ఎస్ఆర్ సెక్టార్ 2:
మా పక్క ఫ్లాట్ అంకుల్ చేసేది అదే. లిఫ్ట్ తలుపు తెరిస్తే పొగే.

జేసీరోడ్ బాబాయ్:
అది కార్బ్యురేటర్, చోక్ లాగే రోజుల అలవాటు. అప్పట్లో చల్లటి ఇంజిన్‌తో గేర్ వేస్తే ఆగిపోయేది. ఇప్పటి ఇంజిన్లకు సెన్సార్ చూసి ఇంధనం ఎంత కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే చాలు. యాక్సిలరేటర్ బలంగా తొక్కకుండా కాస్త దూరం వెళితే, నిలబెట్టి తిప్పినదానికంటే త్వరగా వేడెక్కుతుంది. మూసిన బేస్‌మెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరే చెప్పాలా?

కుర్రాడూ, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉందా? సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎంతకు పడుతోందో చూడు. 9.6 వోల్టుల కంటే కిందికి పోతే బ్యాటరీ పని అయిపోయినట్టే.

కాడుగోడి కుర్రాడు:
చూశాను బాబాయ్. రాత్రంతా ఉంచాక 12.5, సెల్ఫ్‌లో 10.3. డాష్‌బోర్డ్‌లో గ్లో ప్లగ్‌ల స్ప్రింగ్ బొమ్మ లైటు వెలిగి ఆరేదాకా ఆగే కొడుతున్నా. అయినా అంతే.

జేసీరోడ్ బాబాయ్:
అయితే బ్యాటరీని వదిలెయ్. లైటు ఆరినంత మాత్రాన ప్లగ్‌లు వేడెక్కుతున్నాయని కాదు. ఒక్కోదానికి వైరు తీసి, తలకీ ఇంజిన్ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూడు. బాగున్నది ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే పోయినట్టు. నాలుగూ బాగుంటే డీజిల్ ఫిల్టర్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంక్‌లోకి దిగిపోతే పొద్దున ఇదే గొడవ.

విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. పాత ప్లగ్‌లు సిలిండర్ హెడ్‌లో పట్టేసి ఉంటాయి, బలం చేస్తే లోపలే విరుగుతాయి. ఇక హెడ్ దించాల్సిందే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచి, మెల్లగా తిప్పమను.

విన్నిపెగ్ రిటర్న్:
ప్లగ్‌లు మార్చాక కూడా వణికితే చెప్పు తమ్ముడూ, 230 వోల్టుల హీటర్ ఎక్కడ దొరుకుతుందో నేను చెప్తా.

జేసీరోడ్ బాబాయ్:
వదలవు కదయ్యా!