స్టౌట్‌కు మార్కులు వేయాలి, కానీ మాడు రుచి తప్ప ఏమీ తెలియడం లేదు

కాగితం‌పులి: సాయంత్రం నుంచి మార్కుల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తల వేడెక్కింది తప్ప ఒక్క గడి నిండలేదు. మా బృందంలో ఇద్దరు చెరో ఇంపీరియల్ స్టౌట్ (చాలా గట్టి నల్ల బీరు) కాచి, తీర్పు చెప్పమని నాకు అప్పగించారు. లాగరైనా గోధుమ బీరైనా రుచి చూసి నాలుగు మాటలు చెప్పగలను. వీటిలో ఏ గ్లాసు ఎత్తినా అదే మాడు, అదే చేదు, గొంతులో మంట. వాసనకు 12 మార్కులట. వాసనే రానప్పుడు పన్నెండుకు ఎంత వేయాలి? చాక్లెట్, ఎండుద్రాక్ష అంటూ పేరాలు రాసేవారికి అవన్నీ ఎక్కడ తగులుతున్నాయో అర్థం కావడం లేదు. మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఎలా వేరు చేస్తారో సూటిగా చెప్పండి. ఉదయానికల్లా కాగితాలు ఇచ్చేయాలి.

ఒకేమాట: ఎంత చల్లగా ఉన్నాయి?

పీపాపురాణం: ముందు అసలు స్టౌట్ అంటే ఏమిటో తేల్చుకుందాం. మొదట్లో అది విడి రకమే కాదు. 18వ శతాబ్దపు లండన్‌లో పోర్టర్ అనే ముదురు రంగు బీరును గట్టిగా కాస్తే స్టౌట్ పోర్టర్ అనేవారు. థ్రేల్ కుటుంబం చేతిలో ఉండి, తర్వాత బార్‌క్లే పెర్కిన్స్‌గా మారిన యాంకర్ బ్రూవరీ అలాంటి గట్టి సరుకును రష్యా ఆస్థానానికి పంపేది. ఇంపీరియల్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఇక నలుపు సంగతి. 1817లో డేనియల్ వీలర్ డ్రమ్ములో మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వేయించే పద్ధతికి పేటెంటు పొందాక, లేత మాల్టుకు కాస్త నల్ల మాల్టు కలిపితే సరిపోయింది. అంతకుముందు పోర్టర్లు గోధుమరంగు మాల్టు మీదే నడిచేవి. ఈ నేపథ్యం తెలియకుండా తీర్పు చెప్పడం సాహసమే.

కాగితంపులి: చరిత్ర బాగుందండీ. కాగితంలో దానికి గడి లేదు.

మాల్టుమోత: బీజేసీపీ (బీరు తీర్పరులకు పరీక్షలు పెట్టే సంస్థ) కాగితమే అనుకుంటాను: వాసన 12, రూపం 3, రుచి 20, నోటికి తగిలే తీరు 5, మొత్తం మీద అభిప్రాయం 10, కలిపి 50. మాడు అని ఒక్క మాటలో తేల్చేయకండి, అందులోనే అసలు విషయమంతా ఉంది. వేయించిన బార్లీ బాగా కుదిరితే కాఫీ డికాక్షన్ చేదు వస్తుంది, మింగాక కాసేపు నిలిచి శుభ్రంగా వెళ్లిపోతుంది. కుదరకపోతే బూడిద నాకినట్టు నాలుక వెనక గరగరలాడుతుంది. మొదటిది గుణం, రెండోది దోషం. చేదు ఎక్కువగా ఉందని మాత్రం మార్కులు కోయవద్దు. ఈ రకానికి 50 నుంచి 90 ఐబీయూ (చేదు కొలత) మామూలే, మిగిలిన తీపి దాన్ని మోయగలుగుతోందా లేదా అన్నదే చూడాలి.

మంట కూడా రెండు రకాలు. 8 నుంచి 12 శాతం ఆల్కహాల్ ఉన్నప్పుడు మింగాక ఛాతీలో వెచ్చదనం ఉండి తీరాలి. ముక్కు దగ్గరకు తేగానే నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలా కొడితే ఈస్ట్ వేడిలో పులిసిందని అనుమానించాలి. వాసన ముందు, రుచి తర్వాత. దీర్ఘంగా పీల్చకండి, చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చి ముక్కుకు విశ్రాంతి ఇవ్వండి. గుక్క మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి, సగం సువాసన అప్పుడే దొరుకుతుంది.

గాజుకన్ను: అందరూ ఒకటి మరిచిపోతున్నారు: గ్లాసు. సబ్బు జిడ్డు ఇసుమంత మిగిలినా నురుగు కూలిపోతుంది. బీరు పోశాక లోపలి గోడకు బుడగలు గుంపులుగా అంటుకుంటే గ్లాసు మురికిగా ఉన్నట్టే. తడి గ్లాసులో ఉప్పు చల్లి చూడండి, అంటని చోట జిడ్డు ఉంది. గ్లాసుల సంగతి చూడకుండా వాసనకు మార్కులు వేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాల్టుమోత: నిజమే, కానీ ఇంత ఆల్కహాల్ ఉన్న బీరులో నురుగు తక్కువ నిలవడం సహజం. అది చూసి గ్లాసు మీద నింద వేయలేం.

ఒకేమాట: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

కాగితంపులి: చల్లగానే ఉన్నాయి. బీరును ఫ్రిజ్ నుంచి కాక ఎక్కడి నుంచి తీస్తారు? గ్లాసులను కూడా ఫ్రీజర్‌లోనే పెట్టాను.

ఒకేమాట: 10 నుంచి 13 డిగ్రీలకు రానివ్వండి. మామూలు గ్లాసులో పోసి చేతుల్లో పట్టుకోండి.

మాల్టుమోత: ఈ మాట మొదటే చెప్పి ఉంటే నాకు ఇంత రాసే పని తప్పేది! మంచు గ్లాసులో సువాసనలు పైకి లేవవు, తీపి నాలుకకు తెలియదు, చేదు ఒక్కటే మిగులుతుంది.

పీపాపురాణం: 8 శాతం దాటితేనే ఇంపీరియల్ అన్న లెక్క పోటీల కోసం పెట్టుకున్నదే. పాత బ్రూవరీ చిట్టాల్లో స్టౌట్, డబుల్ స్టౌట్ అంటూ మెట్లు ఉండేవి.

మాల్టుమోత: ఆయన చేతిలో ఉన్నది పోటీ కాగితమే కదండీ! చిట్టా కాదు.

పీపాపురాణం: కాగితం రాసినవారు చరిత్ర చదవకపోతే ఆ తప్పు నాది కాదు.

కాగితంపులి: కాసేపు ఆగి చూశాను. మొదటిదానిలో చాక్లెట్ వాసన వచ్చింది, నిజంగానే. అడుగున ఎండు ఆలూబుఖారా లాంటిది కూడా ఉంది. రెండోదాని నుంచి మాత్రం సోయా సాస్ వాసన వస్తోంది. ఇది మంచిదా, చెడ్డదా?

మాల్టుమోత: ఎంత పాతది? అడుగున మడ్డి ఉందా?

కాగితంపులి: మూత మీద తేదీ ఉంది, రెండోది చాలా పాతది. మడ్డి ఉంది. సీసా పూర్తిగా వంచి పోశాను.

పీపాపురాణం: పాత స్టౌట్‌కు షెర్రీ (ఒక రకం గట్టి వైన్) గుణం రావడం గౌరవం. ఏళ్లు నిలిచేలా కాచే బీరు ఇది. మార్కులు కోయకండి.

మాల్టుమోత: షెర్రీ వేరు, సోయా సాస్ వేరు. మొదటిది ఆక్సిజన్ మెల్లగా చేసిన పని, కొంతవరకు బాగుంటుంది. రెండోది ఎక్కువగా చచ్చిన ఈస్ట్ కణాలు పగిలి వదిలిన మాంసపు రుచి. కొద్దిగా ఉంటే క్షమించవచ్చు. మొదట తగిలేది అదే అయితే రుచి గడిలో కోత తప్పదు.

పీపాపురాణం: కొద్దిగా అంటే ఎంత? ఆ గీత ఎవరు గీశారు?

గాజుకన్ను: గ్లాసు మార్చారా లేదా?

ఒకేమాట: మడ్డి వదిలేసి మళ్లీ పోసి చూడండి.

కాగితంపులి: ఇచ్చిందే ఒక్కో సీసా, ఇప్పుడు మొత్తం గ్లాసులోనే ఉంది. మొదటిదానికి 38 వేశాను. రెండోదాని సంగతి ఉదయం చూస్తాను. అందరికీ ధన్యవాదాలు.

పీపాపురాణం: ఉదయానికి అందులో గ్యాసు ఉండదు.