షుగర్ ఉన్న నాన్నకు చూపు బాగానే ఉంది, అయినా ఏటా కంటి పరీక్ష కావాలా?

అలిపిరి మెట్లు: మా నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్. పేపరు చక్కగా చదువుతారు, స్కూటర్ నడుపుతారు. "కనిపిస్తూనే ఉంది కదా, ఆస్పత్రి ఎందుకు?" అంటారు. కళ్లద్దాల షాపులో ఏడాదికోసారి నంబరు చూపించుకుంటారు. అది చాలదా?

రేణిగుంట ప్యాసింజర్: చాలదండీ. షాపులో చూసేది అద్దాల నంబరు. షుగర్ దెబ్బతీసేది కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనాను. అక్కడి సన్నని రక్తనాళాలు ఉబ్బి కారడం మొదలైనా చాలాకాలం చూపులో తేడా తెలియదు. మా అమ్మకు ఏ ఇబ్బందీ లేని రోజుల్లోనే పరీక్షలో బయటపడింది, లేజర్ చేశారు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూడమని అడగండి. షుగర్ ఉన్నవారికి ఏడాదికి ఒకసారైనా ఇది జరగాలి. ఆ రోజు మాత్రం స్కూటర్ తాళం మీ దగ్గరే ఉంచుకోండి. కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, మన ఊరి ఎండకు కళ్లు తెరవలేరు. నల్లద్దాలు తీసుకెళ్లండి.

పొన్నగంటి కూర: ఈ పరీక్షలన్నీ ఈ కాలం వాళ్లకే. మా తాతయ్య పొన్నగంటి కూర, మునగాకు తిని, చివరిదాకా అద్దాలు లేకుండా పంచాంగం చదివారు.

చంద్రగిరి టీచర్: ఆకుకూరలు తినండి, ఎవరు కాదన్నారు? విటమిన్ ఏ లోపిస్తే రేచీకటి వస్తుంది, అక్కడ అవి పనికొస్తాయి. చత్వారం సంగతి వేరు. నలభై దాటాక కంట్లోని కటకం గట్టిపడుతుంది, ఏ కూరా దాన్ని మెత్తబరచదు. మీ తాతగారికి హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, ఉండి ఉండవచ్చు. అలాంటివారికి దగ్గరి అక్షరాలు ముసలితనంలోనూ అద్దాలు లేకుండా కనిపిస్తాయి.

పొన్నగంటి కూర: బస్సు బోర్డు మాత్రం మమ్మల్నే చదవమనేవారు. ఇప్పుడు అర్థమవుతోంది.

చంద్రగిరి టీచర్: మా బడిలోనూ అంతే, బోర్డు కనిపించని పిల్లలు పక్కవాడి నోటుపుస్తకం చూసి రాస్తారు. మనమేమో చదువు మీద శ్రద్ధ లేదంటాం. రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువ.

రాత్రి డ్యూటీ: కంప్యూటర్ ముందు కళ్లు మండేవారు నీలికాంతిని అడ్డుకునే అద్దాలు కొనాలా?

రేణిగుంట ప్యాసింజర్: వాటితో అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తెర చూస్తున్నప్పుడు రెప్పలు వేయడం తగ్గి కన్ను ఆరిపోతుంది, మంట అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో దేన్నైనా 20 సెకన్లు చూడండి. ఫ్యాను గాలి నేరుగా ముఖం మీదికి రాకుండా చూసుకోండి.

చిత్తూరు గ్రానైట్: మా రాళ్ల పనిలో కంట్లో నలుసు పడని వారం ఉండదు. గాగుల్స్ ఇస్తే చెమటకు మసకబారుతున్నాయని మెడకు వేలాడదీస్తారు. నలుసు పడితే నలపకూడదు, శుభ్రమైన నీళ్లతో కడగాలి. గుచ్చుకుని ఉంటే తాకకుండా ఆస్పత్రికే పోవాలి. దీనికంటే నాకు భయం వేసేది మందుల షాపు చుక్కలు. పక్క షెడ్డు కుర్రాడు కళ్లు ఎర్రబడినప్పుడల్లా చీటీ లేకుండా కొని వేసుకునేవాడు. ఎరుపు రోజులో పోయేది. అందులో స్టెరాయిడ్ ఉంది. కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) వచ్చాయి, పక్క చూపు కొంత పోయింది. పోయినది తిరిగి రాదన్నారు.

అలిపిరి మెట్లు: మా నాయనమ్మకు నీటికాసులే. మరి నాన్నకు?

రేణిగుంట ప్యాసింజర్: రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ. రెటీనాతో పాటు కంటి ఒత్తిడి, కంటి నరం కూడా చూడమని చెప్పండి. నలభై దాటితే మీరూ చూపించుకోండి. తిరుపతిలోనే రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ వారి కంటి ఆస్పత్రీ ఉంది. షుగర్, బీపీ పరీక్షల కాగితాలు, వాడుతున్న మందుల చీటీ మరచిపోవద్దు. పొద్దున్నే వెళ్లండి, చుక్కలు వేశాక కూర్చోబెట్టే సమయమే ఎక్కువ.