సీఓపీడీ పేషెంట్‌కి న్యూస్2 స్కోరు: స్కేల్ 2కి ఎవరు మార్చాలి?

వార్డులో పనిచేసే నర్సులు, డాక్టర్లు కాస్త చెప్పండి. మేం న్యూస్2 చార్ట్ వాడుతున్నాం, అంటే పల్స్, ఆక్సిజన్ లాంటివాటికి పాయింట్లు వేసి పేషెంట్ పరిస్థితి దిగజారుతోందేమో చూసే చార్ట్; స్కోరు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. పాత సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న ఒక పెద్దాయనకి మామూలుగానే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 89, 90 దగ్గర ఉంటుంది, హాయిగా కూర్చుని కబుర్లు చెబుతుంటారు, కానీ శాచురేషన్‌కి మామూలుగా వాడే స్కేల్ 1లో 91 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ ఒక్కదానికే 3 పడుతుంది కదా, దాంతో ప్రతి రౌండ్‌లోనూ డాక్టర్‌ని పిలవాల్సి వస్తోంది. ఇలా పదేపదే పిలిస్తే, నిజంగా సీరియస్ అయిన రోజు ఎవరూ పట్టించుకోరేమోనని నా టెన్షన్.

స్కేల్ 2లో అయితే 88–92కి సున్నానే. పైగా ఆక్సిజన్ మీద 97 దాటించి ఉంచితే అందులో 3 పడుతుంది, అంటే ఎక్కువ ఇచ్చినా పట్టుకుంటుంది, అది నాకు నచ్చింది. కానీ సీఓపీడీ అని కేస్‌షీట్‌లో ఉంటే చాలదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుందని ఏబీజీ (ధమని నుంచి తీసే రక్తపరీక్ష)లో తేలినవాళ్లకే అది వాడాలి అంటారు. ఈయనకి పాత ఏబీజీ రిపోర్టే దొరకడం లేదు. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు? కొత్తగా ఏబీజీ చేయించమని అడుగుతారా? స్కేల్ మార్చినట్టు డాక్టర్ ఎక్కడ రాసి సంతకం పెడతారు, చార్ట్ మీదేనా?

ఇంకో చిన్న డౌట్. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వేసుకునేవాళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా పల్స్ పెద్దగా పెరగదు, స్కోరు తక్కువే చూపిస్తుంది. మనిషిని చూస్తే మాత్రం బాగోలేదని తెలిసిపోతుంది. అప్పుడు స్కోరు 2 అని ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తేలిగ్గా తీసుకోకుండా ఎలా చెబుతారు?